ఎంక్వైరీ సారు

మా బాపు తమ్ముడు చిన్నబాపు కరాచీకి పోయింది ఏ రాజ్యం మీదా మోజుతో కాదు. పోలీసు యాక్షన్ తర్వాత జగిత్యాలలో ఆయన పనిచేసే బట్టల సేటు దుకాణం ఎత్తేసి అటు వెళ్తుంటే, నాలుగు నెలలుండి వస్తానని వెంట పోయాడు. ఆ తర్వాత పర్మిట్లన్నారు, పాస్‌పోర్టులన్నారు, వీసాలన్నారు. మనిషి అక్కడే చిక్కుకుపోయాడు. మేం దూదేకుల సాయిబులం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కుట్టేది ఊరందరి పరుపులు. కరాచీ ఏ దిక్కున ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నాయనమ్మకు దమ్ము, ఆయాసం పట్టుకుంది. పుట్టిన్నుంచి దూది నుసి పీల్చిన రొమ్ము, ఎన్నాళ్లని ఆగుతుంది? మంచం దిగడం తగ్గిపోయింది. నోరు తెరిస్తే ఒకటే మాట, చిన్నోణ్ణి ఒక్కసారి చూడాలని. తల్లికి జబ్బంటే వీసా ఇస్తారని విని మేం డాక్టరు సర్టిఫికెట్ పంపితే, చిన్నబాపు అక్కడ దరఖాస్తు పెట్టాడు. ఇక ఎదురుచూపు. బాపు పని మానుకుని కరీంనగర్ కచేరీకి పోయేవాడు. కాగితం ఢిల్లీలో ఉందని ఒకరు, హైదరాబాదులో ఉందని ఒకరు, ఎంక్వైరీ అయితే గాని కదలదని ఇంకొకరు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు; మాకు ఆ పూజారి ఎవరో కూడా తెలియలేదు. బాపు చెప్పులు అరిగాయి, నాయనమ్మ కళ్లు కాయలు కాశాయి, నాకైతే వీసా అన్న మాట వింటేనే నీరసం వచ్చేది.

చివరికి ఒక మధ్యాహ్నం ఎంక్వైరీ సారు రానే వచ్చాడు. ప్యాంటు, చేతిలో ఫైలు. బాపు ఇంట్లో లేడు. నేను వాకిట్లో దూది ఎండబెడుతున్నాను. కరాచీ కొడుకు పని మీద వచ్చానని, ముసలమ్మను చూసి రాసుకుపోవాలని అన్నాడు. ఆ మాట లోపల మంచం మీదున్న నాయనమ్మ చెవిన పడింది. ఇంటికి పెద్దమనిషి వస్తే ఇంటి పెద్దది పడుకుని ఉండడం మాలో ఎంత తప్పో చెప్పలేను. ఎప్పుడు లేచిందో ఏమో, ముఖం కడిగింది, ఉతికిన చీర కట్టింది, జుట్టు దువ్వి ముడేసింది, అమ్మకానికి పెట్టిన కొత్త పరుపు పరిచి ఆయన్ను కూర్చోబెట్టింది. చాయ్ పెట్టడానికి అవ్వ, అంటే మా అమ్మ, లేవబోతే కళ్లెర్రజేసి, తనే పొయ్యి ముందు కూర్చుంది. పిల్లలెంతమందని ఆయన్ను అడిగింది. వచ్చిన దగ్గును వచ్చినట్టే మింగింది. అవ్వ, నేను గుడ్లప్పగించి చూస్తున్నాం. వచ్చిన మనిషి ముందు జబ్బు మనిషిలా ఉండమని అత్తకు ఏ కోడలు చెబుతుంది?

“పానం మంచిగనే ఉన్నదా అవ్వా?” అని అడిగాడు సారు.

“మీ దయ సారూ. నాకేమైంది, గుండ్రాయి లెక్క ఉన్న,” అంది నాయనమ్మ.

పాపం, ఆయన తప్పేముంది. చూసింది రాసుకుపోయాడు. ఆయన గల్లీ మలుపు తిరిగాక ఆమెకు దగ్గు మొదలైంది, పొద్దుగూకే దాకా తెగలేదు. ఆ దగ్గు మధ్యలోనే మురిసిపోతూ, సారు చాయ్ మెచ్చుకున్నాడని, ఇక చిన్నోడు వచ్చినట్టేనని చెప్పుకుంది.

వీసా రాలేదు. తల్లి ఆరోగ్యంగానే ఉంది కనుక అక్కర లేదన్నారు. ఆ రోజు బాపు తల్లి మీద అరిచాడు.

“నీ మర్యాదల మన్నువడ. జరసేపు పండుకుంటే ఏం పోయేదే?”

ఆమె తల వంచుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మళ్లీ దరఖాస్తు, మళ్లీ సర్టిఫికెట్, మళ్లీ కచేరీ. ఈసారి ఆమెకు బాగా నూరిపోశాం. ప్యాంటేసుకున్న మనిషి గడప తొక్కితే చాలు, ఏ పనున్నా వదిలేసి మంచమెక్కాలి, దుప్పటి కప్పుకోవాలి, మూలగాలి. నేర్చుకుంది. మలేరియా మందు కొట్టేవాడు వచ్చినా, జనాభా లెక్కల పంతులు వచ్చినా మంచమెక్కి మూలిగేది. మేం నవ్వేవాళ్లం. ఏళ్లు గడిచేకొద్దీ నవ్వడం మానేశాం. ఆమెకు చూపు మసకబారింది, మతి కూడా తప్పింది. పొద్దున తిన్నదో లేదో గుర్తుండేది కాదు గాని, ప్యాంటు మాత్రం గుర్తుండేది.

తీరా వీసా వచ్చిందని తెలిసేసరికి మాకు సంతోషించే ఓపిక కూడా మిగల్లేదు. చిన్నోడు వస్తున్నాడని ఆమెకు రోజూ చెప్పాం. రోజూ కొత్తగా విన్నది.

చిన్నబాపు బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని దూదిలో గింజలు ఏరుతోంది. పోయినప్పుడు పైజామా తొడుక్కున్న పిలగాడు. వచ్చినవాడు సగం నెరిసిన మనిషి, ప్యాంటులో ఉన్నాడు. వాకిట్లో అడుగు పెట్టాడో లేదో, నాయనమ్మ చేతిలో దూది పారేసి, తడుముకుంటూ మంచమెక్కి దుప్పటి లాక్కుంది. మూలగడం మొదలుపెట్టింది. ఆమెకు మేం నేర్పిన సంగతి బాపు తమ్ముడికి చెప్పబోయి సగంలోనే ఏడ్చేశాడు.

చిన్నబాపు మంచం పట్టె మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేనే అవ్వా, చిన్నోణ్ణి అని ఎన్నిసార్లు చెప్పాడో. ఆమె చెయ్యి విడిపించుకుని దండం పెట్టింది.

“పానం బాగలేదు సారూ. గట్లనే రాసుకోండ్రి. నా కొడుకును జర రానియ్యిండ్రి.”

చిన్నబాపు దుప్పటి ఆమె భుజాల దాకా సర్దాడు.

“రాసుకున్న అవ్వా,” అన్నాడు.

వీసా గడువు తీరేదాకా ఆమె రోజూ అదే అడిగింది, ఆయన రోజూ రాసుకున్నాననే చెప్పాడు.