భీమశంకర్ గారి ఐస్‌లాండ్

ఎక్కడ మొదలైన మాటనైనా ఐస్‌లాండ్‌లో దించనిదే భీమశంకర్ గారు ఊరుకోరు. జియాలజిస్టుగా ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన అక్కడ ఉన్నది గట్టిగా ఇరవై రోజులు. ఆయన రిటైరయ్యాక, అమెరికాలో ఆయనుండే షామ్‌బర్గ్ ఊరి తెలుగువాళ్ళు ఆయన కనపడితే పార్కింగ్‌లో కార్ల వెనక నక్కడం నేర్చుకున్నారు.

కూతురు స్రవంతి దగ్గర ఆర్నెల్లుండడానికొచ్చిన పెద్దావిడ లక్ష్మీకాంతం గారికి మాత్రం ఆ సౌకర్యం లేదు. భీమశంకర్ గారిది పక్కిల్లే. పొద్దుటి నడక కూడా ఒకే బాటలో.

"గోంగూర పుల్లగా కుదిరిందన్నయ్యగారూ" అన్నారావిడ ఒకరోజు.

"పులుపంటే గుర్తొచ్చింది! ఐస్‌లాండ్‌లో సొరచేపని పాతిపెట్టి పులియబెడతారమ్మా. రాతినేల, పంటల్లేవు, ఏం తింటారు? చలికాలమంతా చీకటి, భూమిలోంచి పొగలు, చల్లారిన లావాలో మనిషి మొహాలు. రాళ్ళల్లో కనపడని మనుషులున్నారని కథలు పుట్టకేం చేస్తాయి? వాళ్ళని వాళ్ళుగా చేసింది ఆ నేలేనమ్మా!"

"మా పెళ్ళిరోజు కేకులో కూడా భూమి పొరలు చూపించారు" అంది ఆయన భార్య గౌరి, అలవాటైపోయిన గొంతుతో.

బాట మధ్యలో పెద్ద బండొకటుంది. లక్ష్మీకాంతం గారు రోజూ దానిమీద కాసేపు కూర్చునేవారు. మోకాళ్ళ నొప్పులు. ఆ సంగతి తెలిస్తే స్రవంతి నడక మాన్పించేస్తుందని ఆవిడ భయం. ఆర్నెల్లూ ఇంట్లో కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. సరిగ్గా అప్పుడే, బాట వెడల్పు చేయడానికి బండ తీసేస్తామని కాలనీ అసోసియేషన్ నోటీసు పెట్టింది. ఆవిడకి అన్నం సహించలేదు.

మీటింగ్‌కి భీమశంకర్ గారు సూటు వేసుకుని వచ్చారు. "ఐస్‌లాండ్‌లో ఇలాంటి బండల కోసం రోడ్లే పక్కకి తిప్పారు. ఈ బండని మంచుయుగంలో హిమానీనదం మోసుకొచ్చింది. దాంతోపాటు ఎవరెవరొచ్చారో మనకేం తెలుసు?" అని ఇంగ్లీషులో మొదలెట్టారు. జనం పగలబడి నవ్వారు. ఆయన ఆగలేదు. నలభయ్యో నిమిషాన ప్రెసిడెంటు రెండు చేతులూ ఎత్తేసింది: "బాటే వంపు తిప్పుతాం. దయచేసి కూర్చోండి!"

"అంకుల్ మన పరువంతా తీశారమ్మా" అని స్రవంతి గొణిగింది.

మర్నాడు బండ మీద కూర్చుని లక్ష్మీకాంతం గారు అడిగారు. "ఇందులో మనుషులున్నారని మీరు నిజంగా నమ్ముతారా అన్నయ్యగారూ?"

"ఛ, జియాలజిస్టునమ్మా!"

"మరెందుకు అందరిచేతా నవ్వించుకున్నారు?"

"నేను ఐస్‌లాండ్ ఎత్తగానే అందరూ పారిపోతారు. మీరొక్కరే ఈ బండ మీద కూర్చుంటారు. మోకాళ్ళు అంత నొప్పి పెడితే తప్ప ఎవరు కూర్చుంటారమ్మా? ఆ మాట మీ అమ్మాయి ముందు అనలేనుగా!"

ఆవిడ నవ్వాపుకోలేకపోయారు. కళ్ళు తుడుచుకుని కొంచెం పక్కకి జరిగి, ఆయనక్కూడా చోటిచ్చారు.

"ఇంతకీ ఆ సొరచేప రుచి ఎలా ఉంటుందన్నయ్యగారూ?"