తాళాల మేస్త్రీ ఇంట్లో అరంగుళం స్క్రూలు

తాళాలు బాగుచేసేవాళ్లలో నవ్వుముఖం ఉన్నవాణ్ణి నేను ఏ ఊళ్లోనూ చూడలేదు. వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లంతా అప్పటికే గుమ్మం బయట గంటసేపు నిలబడి, ఇంట్లోవాళ్లని తిట్టుకుని, చెమటలు కక్కుతూ వస్తారు. ఆ కోపంలో సగం మేస్త్రీకి అంటుకుంటుంది. తాళాల మీద రాసిన పాత పుస్తకాలు రెండు చదివాను గానీ, రెండింట్లోనూ దొంగల గురించే ఎక్కువ ఉంది. సరే, ఈ మనిషి సంగతికి వస్తాను.

వీధిలో అతన్ని చిరాకు మేస్త్రీ అంటారు. బస్టాండు వెనక సందులో, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు. ఆకురాయి చేతిలో ఉన్నప్పుడు పలకరిస్తే కసురుతాడు, లేనప్పుడు పలకరించినా అంతే. అలాంటివాడి ఇంట్లో, వీధి తలుపుకి తప్ప, ఏ తలుపుకీ గడియ లేదు.

కారణం అతని అన్న. పదిహేనేళ్ల కిందట, మనోవ్యాధి ముదిరిన రోజుల్లో, ఎవరో తనని పట్టుకుపోతారని స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. ఎంత బతిమాలినా రాలేదు. చివరికి తమ్ముడు తలుపు పగలగొడితే, చెక్క తగిలి అన్న నుదురు చీలింది. మర్నాడే మేస్త్రీ గడియలన్నీ ఊడదీశాడు. అప్పటినుంచి ఆ ఇంటి పద్ధతి ఒకటే: లోపల మనిషి ఉంటే తలుపు పిడికి తువ్వాలు. మాత్రలతో అన్న కుదుటపడ్డాడు. కొట్లో తాళంచెవుల గుత్తులు సర్దుతాడు, తమ్ముడి కూతురికి పొద్దున్నే జడ వేస్తాడు, ఎప్పుడైనా గోడవైపు తిరిగి గొణుక్కుంటాడు. పిల్లకి పదేళ్లు. ఆమె తలుపుకి పసుపు తువ్వాలు.

మేస్త్రీ భార్య రెండేళ్ల కిందట వెళ్లిపోయింది. ఆవిణ్ణి రాక్షసిని చేసి చెప్పడం సులువు; వీధి ఆ పని చేస్తూనే ఉంది. ఆవిడ మాట ఇది: బావగారు చెడ్డవారు కాదు, కానీ గడియ లేని గదిలో తొమ్మిదేళ్లు తను కంటినిండా నిద్రపోలేదు. వెళ్లాక ఆడవాళ్ల హాస్టల్లో ఉన్నన్నాళ్లు పిల్లని తండ్రి దగ్గరే వదిలింది. ఇల్లు కుదిరాక, పిల్ల నాదని దావా వేసింది. ఆవిడ లాయరు కోర్టులో ఒక్క వాక్యం చెప్పి కూర్చున్నాడు: "ఊరందరి తలుపులకీ తాళాలు బిగించే మనిషి, పిచ్చివాడున్న ఇంట్లో సొంత కూతురి గదికి గడియ పెట్టలేదు."

మేస్త్రీ అక్కడికక్కడే లాయర్ని అనరాని మాట అన్నాడు. జడ్జి బయటికి పంపించేశారు. కేసు దానివల్ల బాగుపడలేదని వేరే చెప్పాలా.

ఇల్లు చూడటానికి కోర్టు మనిషిని పంపుతుందని తెలిసింది. మేస్త్రీ తరఫు లాయరు గడియ పెట్టెయ్యమన్నాడు. పెడితే అన్నంటే భయం ఉందని ఒప్పుకున్నట్టే కదా అని ఇతను ఎగిరాడు. పెట్టకపోతే పిల్ల పోతుంది, ఆపైన నీ ఇష్టం అన్నాడాయన.

శనివారం మధ్యాహ్నం, అన్నని కొట్లో కూర్చోబెట్టి వచ్చి, మేస్త్రీ కూతురి గదికి గడియ బిగించాడు. సాయంత్రం అన్న చూశాడు. బొటనవేలితో ఒకసారి తడిమాడు. మర్నాడు పొద్దున పిల్ల దువ్వెన పట్టుకొస్తే, "మీ నాన్నని అడుగమ్మా" అన్నాడు.

సోమవారం కోర్టు తరఫున వచ్చిన ఆవిడ తొందర లేని మనిషి. మాత్రల డబ్బా చూసింది, డాక్టరు చీటీలు చదివింది, పిల్లతో విడిగా మాట్లాడింది. తర్వాత ఆ తలుపు దగ్గర ఆగింది. నేలమీద చెక్కపొడి ఇంకా ఉంది.

"ఇదెప్పుడు పెట్టారు?"

"మొన్న."

"ఎందుకు?"

"మీరొస్తారని. లేకపోతే నా ఇంట్లో గడియతో నాకేం పని?"

అప్పుడు అన్న లేచి వచ్చాడు. "మేడమ్, మీరొకసారి లోపలికెళ్లి గడియ పెట్టుకోండి."

ఆవిడ అతని మొహంలోకి కాసేపు చూసి, వెళ్లి పెట్టుకుంది. అన్న అరచేత్తో తలుపు తోశాడు, గట్టిగా కూడా కాదు. గడియ పట్టీతో సహా ఊడి ఆవిడ కాళ్ల దగ్గర పడింది.

"అరంగుళం స్క్రూలు," అన్నాడు అన్న. "బొమ్మల పెట్టెకి వేసేవి. ముప్పై ఏళ్లలో వీడు ఎవరి తలుపుకీ ఇలా వెయ్యలేదు." తమ్ముడివైపు తిరిగాడు. "రెండంగుళాలవి వెయ్యరా. పిల్ల ఉండాలంటే నన్ను నిజంగా ఆపేది వెయ్యి."

"నోర్ముయ్," అన్నాడు మేస్త్రీ.

ఆవిడ రాసిన నివేదికలో అన్న గురించి ఒక్క చెడ్డమాట లేదు. ఉన్నదంతా తండ్రి గురించే: కోపిష్టి, కోర్టు కళ్లు కప్పడానికి ఊడిపోయే గడియ పెట్టినవాడు. పిల్ల తల్లి దగ్గరికి వెళ్లింది. ఆదివారాలు మాత్రం తండ్రికి.

మేస్త్రీ అన్నతో మాట్లాడటం మానేశాడు. పూటపూటా మాత్రలు తెచ్చి గుత్తుల పక్కన ఠపీమని పెట్టేవాడు, అంతే.

మొదటి ఆదివారం పిల్ల ఇంటికి వచ్చింది. తల్లి వేసి పంపిన జడ నున్నగా, చక్కగా ఉంది. వచ్చీ రాగానే దాన్ని విప్పేసుకుని పెదనాన్న ముందు కూర్చుంది. అన్న చెయ్యి కదపలేదు. తమ్ముడివైపు చూస్తూ ఉండిపోయాడు.

"దువ్వెన ఆ సొరుగులోనే ఏడ్చింది," అన్నాడు మేస్త్రీ, ఆకురాయి మీంచి తల ఎత్తకుండా. "చూస్తావేం. వెయ్యి."