రెడ్యా గెలిచిన సినిమా

"మా నాయిన ఓడిపోయిండు చాచా. సచ్చిపోయిండు. రెండూ అయిపోయినయ్," అన్నడు కోటేష్.

"ఓడిపోలే."

"మరి సచ్చిపోయిండా?"

"అది ఒప్పుకుంటా," అన్నడు వజీర్ చాచా.

చండ్రుగొండలో పెండ్లి వీడియోలు తీసే మా చాచాకు ఒక్కటే జబ్బు. దోస్తులు ఓడిన ఎన్నికల్ని ఒప్పుకోడు. వార్డు మెంబర్‌గా ఓడిన టైలర్‌ను "మెంబర్ సాబ్" అని పిలుస్తడు. డిపాజిట్ పోయినాయన కనిపిస్తే లేచి సలాం కొడతడు. ఆ ఓడినాయనేమో పక్క సందులకెళ్లి పారిపోతడు. ఈ పిచ్చికి కెమెరా పట్టేటోణ్ణి నేనే, డిగ్రీ మధ్యలో వదిలేసి.

ఈసారి ఏకంగా చిన్న సినిమా తీసిండు. అడవి అంచు తండాలో సర్పంచ్‌గా ఓడి, మొన్నటి వానాకాలం జ్వరంతో పోయిన రెడ్యా, ఆనాడు గెలిచి ఉంటే ఏమయ్యేది అన్నది కథ. కామెడీ అట. కొడుకు కోటేష్ లొల్లి దానికే.

"నాయిన పోయిన కాన్నుంచి మా అమ్మ గడప దాటలే. ఇది జూసి ఏడ్చిందంటే నీ తెర చింపుత."

నిజం చెప్తున్న, సినిమా చెత్త. రెడ్యా వేషం ఎవరితోనన్నా వేయించమంటే చాచా వినలే. "ఇంకోడు కూసుంటే రెడ్యా మళ్లీ ఓడినట్టే గదరా." అందుకే సర్పంచ్ కుర్చీ ఖాళీ, దాని మీద రెడ్యా తువ్వాల. జనం కుర్చీకి దండలేస్తరు, అర్జీలిస్తరు, అది వేసిన జోకులకు నవ్వుతరు. కొత్త రోడ్డు మీద బస్సు ఆగుతది, తలుపు తెరుచుకుంటది, ఎవరూ దిగరు. ఎక్కించనీకి మనుషులు దొరకలే.

పొద్దుగూకంగ తండాలో దుప్పటి కట్టి సినిమా వేసినం. ఒక్కడు నవ్వలే. టేకుచెట్ల వెనక కీచురాళ్లు కూడా ఆగిపోయినయ్. తెర మీద తువ్వాల కదిలింది. షూటింగ్‌ల అది కదల్లే. తీసింది నేను, నాకు తెల్వదా? పిల్లలు తల్లుల ఒళ్లో దూరిండ్రు.

అప్పుడే చీకట్ల, మా వెనక, ఎవరో నవ్విండ్రు. ఒక్క గొంతే.

తిరిగి చూస్తే సోమ్లి, రెడ్యా భార్య. ఎప్పుడొచ్చి కూసుందో. తెర మీద ఖాళీ కుర్చీ ముందర ఆఫీసర్ చేతులు కట్టుకొని నిలబడితే పడీపడీ నవ్వుతాంది. "గెలిస్తే గిట్లనే నిలబెడతా అంటుండె మా ఆయన," అని పక్కామెకు చెప్తాంది. తెర చింపనీకి దాని దాకా పోయిన కోటేష్ వెనక్కొచ్చి, తల్లి పక్కన కూసున్నడు.

తెల్లారి చాచా నన్ను పిలిచిండు.

"సోమ్లి అడుగుతాంది, ఆ తర్వాత ఏమైందని. రేపు కెమెరా తీస్కరా బేటా, రెడ్యాను రెండోసారి గెలిపియ్యాలె. ఈసారి మెజార్టీ కొంచెం తగ్గియ్యి. లేకుంటే ఆమె నమ్మది."