చాటలో నాలుగు చేతులు

ఎల్లారెడ్డిలో నేను పాఠాలు చెప్పే బడికి హైదరాబాదు నుంచి కొత్తగా ఒక టీచరమ్మ వచ్చింది. "మీ కామారెడ్డి జిల్లాలో చూడ్డానికి ఏముందండీ?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. దోమకొండ కోట ఉంది, నిజాం కాలంలో కట్టిన నిజాంసాగర్ ఉంది అని గడగడా అప్పజెప్పాను. చెబుతుంటే నాకే చప్పగా అనిపించింది. కోటలు, ఆనకట్టలు చాలా ఊళ్లకు ఉంటాయి. మా ఊరి గొప్ప తెలియాలంటే మా అవ్వ బీడీలు చుట్టే అరుగు మీద ఒక పూట కూర్చోవాలి.

అవ్వ అంటే మా అమ్మే. పొద్దుటి పనులు కాగానే వాడకట్టు ఆడవాళ్లు తునికాకు, తంబాకు పెట్టుకున్న చాటలు పట్టుకుని మా అరుగు మీదికి చేరతారు. పక్కింటి ఖాలా ఉర్దూలో మొదలుపెట్టిన ముచ్చటను, మహారాష్ట్ర సరిహద్దు డోంగ్లి నుంచి మా వాడకట్టుకు కోడలిగా వచ్చిన వదిన మరాఠీలో అందుకుంటుంది. ఎప్పుడో బీదరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ముసలమ్మ ఇద్దరినీ కన్నడంలో తిడుతుంది. మా అవ్వ అందరికీ తెలుగులోనే జవాబిస్తుంది. ఎవరికీ ఏ మాటా అర్థం కాకుండా పోదు. ఖాలా రంజానుకు రోజా ఉన్న రోజుల్లో అరుగు మీద చాయ్ ఊసే ఉండదు. బతుకమ్మకు ఏ పువ్వు మీద ఏ పువ్వు పేర్చాలో చెప్పే పెత్తనం మాత్రం ఖాలాదే. ఇంత గడుసు ఊరు ఇంకెక్కడుందో నాకు చూపించమనండి.

పోయిన వానాకాలం అవ్వ వాకిట్లో జారిపడింది. కుడి మణికట్టు విరిగితే పిండికట్టు వేశారు. చుట్టిన బీడీలు ఇవ్వకుండా చాలా రోజులు గడిస్తే కార్ఖానాలో పేరు కొట్టేస్తారు. పేరు పోతే బీడీ కార్మికురాలి కార్డు పోతుంది. కార్డుతో పాటు, అవ్వ ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్న పింఛనూ పోతుంది. అవ్వ పైకి ఏమీ అనేది కాదు గానీ కంచంలో అన్నం సగం వదిలేసేది. నాకు భయం పట్టుకుంది.

మా వాడకట్టులో ఒక పద్ధతి ఉంది. కాన్పయినా, జ్వరమొచ్చినా, మంచాన పడ్డ మనిషి చాట ఖాళీగా ఉండదు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తలా కొన్ని కట్టలు చుట్టి అందులో వేస్తారు. ఖాలా వేసింది, వదిన వేసింది, చూపు ఆనని ముసలమ్మ కూడా వేసింది. నాకు రోషమొచ్చింది. కూతురినై ఉండి చూస్తూ ఊరుకోవాలా? బీడీ చుట్టడం నాకెవరూ నేర్పలేదు. ఆ కోపం చిన్నప్పటి నుంచీ ఉంది. అయినా ఒక ఆదివారమంతా తునికాకుతో కుస్తీ పట్టి, ఖాలా పడీపడీ నవ్వుతుండగా, ఒక్క కట్ట పూర్తి చేసి అవ్వ చాటలో వేశాను.

చాట పట్టుకుని అవ్వ వెంట కార్ఖానాకు నేనే వెళ్లాను. అక్కడ బీడీలు చూసి తీసుకునే పెద్దమనిషికి ఎవరి చేతి మడత ఎలా ఉంటుందో కంఠతా వచ్చు. కట్టలు వేళ్లతో తడిమి, అవ్వ పిండికట్టు వైపు చూశాడు.

"అవ్వా, ఇవి నీ చేతివి కావు గద?"

అబద్ధం చెప్పడానికి నేను నోరు తెరిచాను. అవ్వ నన్ను కళ్లతోనే ఆపింది.

"కావు సేటు. నా చెయ్యి ఇర్గింది. మా వాడకట్టోళ్లు చుట్టిండ్రు. పేరు కొట్టేస్తవా, కొట్టెయ్యి. అబద్ధమైతే చెప్ప."

ఆయన కట్టలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఖాలా కట్టలు పక్కన పెట్టాడు. వదినవి పెట్టాడు, ముసలమ్మవి పెట్టాడు. అన్నీ దిట్టంగా ఉన్నాయి. కార్డు అందుకుని అవ్వ పేరు మీదే రాసుకున్నాడు. నా ప్రాణం కుదుటపడింది. అంతలో చాట అడుగున మిగిలిన కట్ట పైకి తీసి మొహం చిట్లించాడు.

"గిదేంది? ఆకు పగిలింది, మూతి ఊడింది. గిది నడ్వది, వాపస్ తీస్కపోండ్రి."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. అవ్వ ఆ కట్టను ఎడమ చేత్తో అందుకుని, కార్ఖానా అంతా వినబడేలా అంది:

"గది నా బిడ్డది, సేటు. టీచరు. దానికి బీడీ చుట్టుడు రావద్దనే ఇన్నేండ్లు నేను చుట్టిన."