పళ్లు పడిన ఫోటో

ఎక్కడైనా ఫోటోగ్రాఫరు నవ్వమంటాడు. కొనకనమిట్ల చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి ఫోటోలు తీసే శ్యాంసన్ మాత్రం "పెదాలు కలపండి" అంటాడు. అనకపోతే మళ్లీ పిలవరు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పుణ్యమా అని అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు గార. తోమి తోమి బ్రష్షులు అరిగాయి గానీ గార అరగలేదు. అందుకే ఆ ఊళ్ల ఆల్బములు తిరగేస్తే పెళ్లికొడుకు మొదలు వడ్డించేవాడి దాకా అందరూ పంచాయితీలో కూర్చున్నట్టే ఉంటారు. శ్యాంసన్ మాటకారి, ఎంత బిగుసుకున్న మనిషినైనా నవ్విస్తాడు. తీరా నవ్వు రాగానే కెమెరా దించేస్తాడు. తన పనిలో అతనికి నచ్చనిది అదొక్కటే.

శ్యాంసన్ సొంత ఊళ్లోనే ఇందు అనే పిల్లకు పెళ్లి కుదిరింది. పెళ్లి ముందురోజు ఆ పిల్ల అతన్ని పక్కకు పిలిచింది.

"అన్నా, ఒక్క ఫోటోలో గూడా నా పండ్లు పడగూడదు."

"పడనియ్యన్లేమ్మా."

"అట్ల కాదు, మాటియ్యి. ఆయన అసలే నవ్వే మనిషి కాదు. చూపులకొచ్చిన పొద్దు గూడా మూతి బిగించుకోని కూచున్నాడు. నేను చెయ్యడ్డం పెట్టుకుంటే అందరూ సిగ్గనుకున్నారు. రేపు ఆల్బం చూసి జీవితాంతం దెప్పుతాడేమోనని నాకు భయంగా ఉంది."

శ్యాంసన్ మాట ఇచ్చాడు.

పెళ్లికొడుకు విక్టర్‌ది అర్ధవీడు దగ్గర పల్లె. పెళ్లి ఇందు వాళ్ల ఊరి చర్చిలో. చర్చి నిండా జనం. పాస్టరు రాజరత్నంగారు వధూవరుల కుడిచేతులు కలిపి పట్టించి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి" అన్నారు.

సరిగ్గా అప్పుడే వీధిలో హారన్ మోగింది. ముందు బెంచీ నుంచి ఆఖరి బెంచీ దాకా ఆ ఊరి ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

అర్ధవీడు వాళ్ల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. పెళ్లికొడుకు తల్లి పక్కావిడ భుజం గట్టిగా పట్టుకుంది. ఇంతమందికి అభ్యంతరం ఉంటే ఏం చేయాలో పాస్టరుగారికి ఎవరూ నేర్పినట్టు లేదు. బైబిలు మూశారు, మళ్లీ తెరిచారు. ఇందు నాయనమ్మ ఎలీషబా అప్పటికే గుమ్మం దగ్గరికి చేరింది. పాపం, ఆయన్ని అలా వదిలి పోలేక వెనక్కి తిరిగింది.

"అభ్యంతరం కాదయ్యా, నీళ్ల ట్యాంకరొచ్చింది. ఇప్పుడు పోకుంటే మళ్లెప్పుడొస్తాదో. మీరు కానియ్యండి, బిందెలు పెట్టొస్తాం."

అందరికంటే ముందు పెళ్లికూతురే నవ్వింది. కుడిచెయ్యి విక్టర్ చేతిలో ఉంది, ఎడమచేతిలో పూలగుత్తి. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేక నోరారా నవ్వింది. ఇచ్చిన మాట గుర్తొచ్చేలోపే శ్యాంసన్ వేలు నొక్కేసింది.

భోజనాల దగ్గర ఆ ఫోటో చూసుకున్నాడు. ఇంత మంచి ఫోటో అతను జన్మలో తీయలేదు. ఇందు పళ్లు రంగుతో సహా పడ్డాయి. మాట ఇచ్చాడు కాబట్టి చెరిపేయాలి. బొటనవేలు బటన్ దాకా వెళ్లింది. అంతలో ఫోటోలో ఆమె పక్కనున్న విక్టర్ మీద చూపు పడింది. పెళ్లికొడుకూ పగలబడి నవ్వుతున్నాడు. గారలో అతని పళ్లు ఇందు పళ్లకంటే రెండాకులు ఎక్కువే చదివాయి.

శ్యాంసన్ విస్తరి ముందునుంచి లేచి నేరుగా కొత్తజంట దగ్గరికి వెళ్లాడు.

"చెల్లే, మాట తప్పినా. చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు. నువ్వొకసారి చూసి చెప్పు, నీ ముందరే తీసేస్తా."

ఇందు ముందు తన ముఖమే చూసుకుంది. చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్లింది. తర్వాత చూపు పక్కకు జరిగి అక్కడే ఆగిపోయింది. వంగి చూస్తున్న విక్టర్ పెదాలు మళ్లీ బిగుసుకున్నాయి.

"మీయి గూడానా?" అంది మెల్లగా.

"మా బోరు నీళ్లు గూడా అంతే," అన్నాడతను తల వంచుకుని. "చూపులప్పుడు అందుకే నోరు తెరవలేదు."

"నేను కోపిష్టి మనిషనుకున్నా."

"నువ్వు చెయ్యడ్డం పెట్టుకుంటే, నా నోరు వాసనొస్తాందేమో అనుకున్నా."

ఇక ఇద్దరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆ నవ్వులకు విక్టర్ తల్లి సుజాతమ్మ వచ్చింది. కెమెరా చేతికిస్తే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"బళ్లో పిల్లోళ్లు ఎగతాళి చేసినారని ఒకనాడు ఏడ్చుకుంటా వచ్చినాడు నాయనా," అంది శ్యాంసన్‌తో. "ఆ పొద్దు నుంచి వీడు నవ్వంగ నేను చూడలేదు."

ఇందు అత్తగారి చేతిలోంచి కెమెరా జాగ్రత్తగా తీసుకుని శ్యాంసన్‌కు అందించింది.

"ఇది పెద్దది చేసియ్యన్నా. మా అత్త ఇంట్లో ముందరి గోడకు పెట్టుకుంటాం."