తాతయ్య మాటల పేక

మా పాప బడి నుంచి కొత్త మాటల అట్టలు తెచ్చుకుంది. కవరు చింపగానే మా మణికొండ ఫ్లాటంతా గుప్పుమన్న ఆ ప్లాస్టిక్ వాసన నాకు బొత్తిగా నచ్చలేదు. నేను చదువు నేర్చుకున్న అట్టలకు పులిహోర ఇంగువ వాసన ఉండేది.

అప్పట్లో మేం హఫీజ్‌పేట్‌లో, లోకల్ రైలు పోయినప్పుడల్లా వంటింటి గిన్నెలు గలగలమనే ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మకు హైటెక్ సిటీలో ఉద్యోగం. ఆ ఏడు వానాకాలంలో అమ్మమ్మ, తాతయ్యను తీసుకుని భీమవరం నుంచి మా దగ్గరికి వచ్చేసింది. పక్షవాతం తగ్గాక ఆయనకు నడక వచ్చింది, మాట వచ్చింది, అక్షరాలు గుర్తుపట్టే చదువు మాత్రం తిరిగి రాలేదు. పేపరు తెరిచి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ తెరిచి, చివరికి మడిచి దిండు కింద పెట్టుకునేవారు. ఒకప్పుడు పేపరు చూడందే పళ్లు తోమని మనిషి. ఆయన మళ్లీ చదవాలని ఇంటిల్లిపాదికీ ఒకటే ఆశ.

నేనప్పుడు ఒకటో తరగతి. కొన్ని మాటల్ని కూడబలుక్కోకుండా చూడగానే చెప్పాలని మా టీచరు అంటే, నాకూ తాతయ్యకూ పనికొస్తుందని అమ్మ కొత్త చొక్కాల్లో వచ్చే అట్టల్ని కత్తిరించి, ఒక్కో మాటనూ రెండేసి ముక్కల మీద రాసింది. పేకాటలో పండిపోయిన తాతయ్య దాన్ని ఆట చేసేశారు. ముక్కలు పంచుకుని, జత కలిస్తే ఆ మాట పైకి చదివి కింద పరచాలి; చదవలేకపోతే జత చెల్లదు. మొదట్లో తాతయ్య తడబడితే నేనో అమ్మో ఆ మాట చదివి చెప్పేవాళ్లం. బయట టవర్ల కోసం బండలు పేల్చే చప్పుడు, కిటికీలోంచి వాన జల్లు, అమ్మమ్మ వేయించే చెక్కలు, వినాయక చవితినాటి ఉండ్రాళ్లు, పులిహోర, అన్నీ మేం ఆడుకునే చాప మీదికే వచ్చేవి. తాతయ్య 'వాన', 'పాలు', 'చెట్టు' అంటూ టకటకా పరిచేస్తుంటే పక్క స్థలం వాచ్‌మన్ యాదగిరి మా గుమ్మంలో నిలబడి నవ్వేవాడు.

"ఏంది సారూ, చిన్నపిల్లను గిట్ల ఓడగొడ్తరా?"

"మనవరాలు మనవరాలే, పేకాట పేకాటేనోయ్," అనేవారు తాతయ్య.

దసరా సెలవుల్లో, అట్టలు జిడ్డోడుతున్నాయని, అమ్మ ముచ్చటపడి అవే మాటలతో కొత్త పేక చేసింది. తాతయ్య ముక్కలు విప్పి చూసుకున్నారు. వెనక్కి తిప్పారు, అంచులు తడిమారు, మళ్లీ చూశారు. 'వాన' మీది నూనె మరక, 'పాలు' మూల నేను కొరికిన గాటు, 'చెట్టు'కు నలిగిన అంచు, ఇన్నాళ్లూ ఆ పేకాటరాయుడి కన్ను అక్షరాల్ని కాదు, వాటినే పట్టేసిందని మాకు అప్పుడు తెలిసింది. పాపం, ఆయనకూ అప్పుడే తెలిసింది. చదువు తిరిగొచ్చిందని మాకంటే గట్టిగా ఆయనే నమ్మారు.

"ఈ ముక్కలు నాకు తెలీవమ్మా," అన్నారు అమ్మతో.

పాత పేక అప్పటికే చెత్తబండిలో వెళ్లిపోయింది. అమ్మ వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ ఏడ్చింది.

తాతయ్య మళ్లీ ముక్క ముట్టలేదు. రోజూ పొద్దున్నే నేనే పక్కన కూర్చుని, తడబడుతూ, పేపర్లో పెద్దక్షరాల హెడ్డింగులు చదివి వినిపించేదాన్ని. చలికాలం వెళ్లకముందే ఆయన వెళ్లిపోయారు.

ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. బండలన్నీ పోయి అద్దాల మేడలొచ్చాయి. మా ఇంటికిప్పుడు పేపరే రాదు. ఆఫీసులో రోజంతా ఏదో ఒకటి చదువుతూనే ఉంటాను, ఎవరికీ వినిపించే పని లేదు. నేనొక మాట దగ్గర ఆగిపోతే, కళ్లు మూసుకుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, "పర్లేదమ్మా, నిదానంగా చదువు, నేనెక్కడికీ పోను" అన్న మనిషి లేరు.