ముట్టడి బాబాయి సిఫారసులు

ఎవరు ఏ బాధ చెప్పుకున్నా మా బాబాయి దగ్గర ఒక్కటే మందు ఉండేది: చరిత్ర మీద తయారైన బోర్డు గేమ్. పన్ను పీకించుకుంటూ, తెరిచిన నోరు తెరిచే ఉంచి, దంతవైద్యుడికి సైగలతోనే ఓ కోట ముట్టడి ఆటను సిఫారసు చేసిన మనిషాయన. అప్పట్నుంచీ మా వీధికి ఆయన ముట్టడి బాబాయి.

ఆ ఆటలన్నీ ఒకే చోటివి. ఎక్కడో భార్యాభర్తలిద్దరు ఇంటి ముందుగదిలోనే అచ్చువేసి, అట్టముక్కలు చేత్తో కత్తిరించి పంపే చిన్న ప్రచురణ సంస్థ. వాళ్ళ కొత్త ఆట వచ్చిందంటే బాబాయికి కంటిమీద కునుకుండదు. ఎవరికి చెప్పాలి, నచ్చుతుందా, నియమాలు చూసి బెదిరిపోతారా? చెప్పాక కంగారు రెట్టింపు. ముక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసొస్తానని ఆట కొన్నవాళ్ళింటికే బయల్దేరేవాడు.

"చూడ్డానికి పూటంతా ఎందుకండీ?" అనేది పిన్ని.

"ముక్కలు మరీ చిన్నవే," అనేవాడు.

పిన్నికి కడుపులో గడ్డ తీయాల్సి వచ్చింది. ఆపరేషన్ రోజు బాబాయి ఆసుపత్రి వరండాలో, ఆపరేషన్ గది తలుపుకెదురుగా ఇనుప కుర్చీ అంచున కూర్చున్నాడు. పక్కాయన తన అల్లుడితో పడలేని బాధంతా వెళ్ళబోసుకున్నాడు. ఇక మొదలుపెడతాడనుకుని నేను తల వంచుకున్నాను. బాబాయి "అలాగా" అని ఊరుకున్నాడు. నాకు నిజంగా భయం పట్టుకున్నది అప్పుడే.

కాసేపటికి మా వీధి దర్జీ చంకలో ఆట పెట్టెతో వచ్చాడు. వెనకే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు, ఆవిడ వెనక దంతవైద్యుడు. బాబాయి రావలసిన రోజున రాలేదని, ఆరా తీస్తే సంగతి తెలిసిందని చెప్పారు. ఈయన వచ్చేది ముక్కలు చూడ్డానికే కదా అన్నాను.

"ఈయన చెప్పే ఆటలన్నీ ఇద్దరు ఆడేవి బాబూ," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. "మా ఇంట్లో నేనొక్కదాన్నే. రెండో మనిషి రావాలిగా మరి."

దర్జీ భార్య పోయి చాలాకాలమైంది. దంతవైద్యుడిది కూడా ఒంటరి కాపురమేనని నాకు అప్పుడే తెలిసింది.

దర్జీ ఖాళీ కుర్చీ మీద బోర్డు పరిచాడు. బాబాయి వద్దన్నట్టు చెయ్యూపాడు.

"ఆ తలుపుకేసి చూస్తూ కూర్చుంటే తొందరగా తెరుచుకుంటుందా? మీ వంతు, కానివ్వండి," అన్నాడు దర్జీ.

బాబాయి గుర్రపుదళాన్ని తీసుకెళ్ళి నట్టనడి ఏట్లో పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. హెడ్‌మిస్ట్రెస్ గారు చిటికెనవేలితో దాన్ని మెల్లగా గట్టుకు లాగారు. ఆడుతున్నంతసేపూ ఆయన ఒక కన్ను తలుపు మీదే ఉంది.

చివరికి డాక్టరమ్మ బయటికొచ్చి, గడ్డ తీసేశామని, భయం లేదని, ఒక్కరు వెళ్ళి చూడవచ్చని చెప్పింది.

"ఈ ఎత్తు వేసి వెళ్ళండి, లేకపోతే మీ కోట పోతుంది," అన్నాడు దర్జీ, అలవాటు కొద్దీ.

"పోనీండి," అంటూ బాబాయి దాదాపు పరుగెత్తాడు.

నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. మత్తు ఇంకా పూర్తిగా దిగని పిన్ని ముందు ఆయన ముఖం చూసింది, తర్వాత పిడికిలి చూసింది.

"చేతిలో ఏంటది?"

బాబాయి పిడికిలి విప్పాడు. చెమటకు మెత్తబడిన అట్టగుర్రం.

"పాపం, ఇచ్చేసి రండి. వాళ్ళ ఆట ఆగిపోతుంది."

"ఆగనీవే," అంటూ బాబాయి స్టూలు దగ్గరకు లాక్కున్నాడు.

ఆట ఏమీ ఆగలేదు. వరండాలో దర్జీ, గుర్రం లేని కోటను గెలిచేసి, అల్లుడి బాధ పడుతున్న పెద్దాయనకు ఆ యుద్ధమంతా మొదట్నుంచీ వివరిస్తున్నాడు.